పౌరుష గ్రంథి కేన్సర్ - వయసు వల్లనే అని సరిపెట్టుకోరాదు

ఏబది ఏళ్లు దాటిన పురుషుడు రాత్రివేళ రెండు మూడుసార్లు మూత్రానికి లేస్తూ ఉంటే మన ఇళ్లలో ఎవరూ ఆశ్చర్యపోరు. "పెద్దతనం కదా" అంటారు. ఆయనకు నడుము నొప్పి వస్తే "వాతం చేసింది" అంటారు. ఈ రెండు మాటలూ చాలాసార్లు నిజమే. నిజం కాని సందర్భాలను గురించే ఈ వ్యాసం. అటువంటి సందర్భం ఒకటి మా బంధువర్గంలోనే సంభవించింది. అక్కడ పొరబడినవాణ్ణి నేనే గనుక కొంత సంకోచంతోనే వ్రాస్తున్నాను.

మా మేనమామగారిది కోనసీమలో ముక్తేశ్వరానికి సమీపాన ఒక పల్లె. కొబ్బరితోట, కొద్దిపాటి వరిచేను ఉండేవి. డెబ్బది ఏళ్లు దాటినా దింపు రోజున తానే తోటలో నిలబడి కాయలు లెక్కపెట్టించేవారు. నేను రాజమహేంద్రవరంలో ఆయుర్వేద వైద్యం చేసుకుంటూ ఉన్నాను. 2015 జూలైలో గోదావరి పుష్కరాలు వచ్చినపుడు మా ఇంట దిగి స్నానం చేయవలసినదిగా ఎన్నిసార్లు పిలిచినా ఆయన రాలేదు. "ఆ జనంలో నేనుండలేనురా అబ్బాయీ, ఇక్కడి రేవులోనే మునుగుతాను" అన్నారు. ఇంటి దగ్గరే గోదావరి ఉన్నవారికి ఇంతదూరం ఎందుకులే అని నేనూ ఊరుకున్నాను. అసలు కారణం చాలాకాలం తరువాత అత్తయ్యగారు చెప్పారు. రేవులో పంటు ఎక్కి ఆవలి ఒడ్డున కోటిపల్లిలో దిగేవరకు మూత్రం ఆపుకోలేనేమో అని ఆయనకు భయం. ఆ భయంతోనే అప్పటికి ఏడాదిగా పెళ్లిళ్లకూ, పేరంటాలకూ పోవడం మానివేశారు. చుట్టాలందరూ ఆయనకు పట్టింపు ఎక్కువైందని అనుకున్నారు.

ఆ మరుసటి సంక్రాంతికి నడుము నొప్పి మొదలైంది. నేను మహానారాయణ తైలం పంపాను. యోగరాజ గుగ్గులు వేయించాను. వావిలాకు నీళ్ల కాపడం పెట్టించాను. నాలుగు రోజులు తగ్గినట్లుండి మళ్లీ వచ్చేది. "పడుకుంటే తగ్గాలి కదా నాయనా, ఈయనకు పడుకుంటేనే ఎక్కువవుతోంది" అని అత్తయ్యగారు ఫోనులో రెండుసార్లు చెప్పారు. ఆ మాట విన్న వైద్యుడు వెంటనే ఆగి ఆలోచించాలి. నేను తైలం మార్చాను. ఇలా ఐదు నెలలు గడిచిపోయాయి. జూన్‌లో ఒకనాడు అరుగు మెట్లు దిగుతూ కాళ్లు స్వాధీనం తప్పి కూలబడ్డారు. అప్పుడు కాకినాడ తీసుకొనిపోయి మూత్రవ్యాధుల నిపుణునికి చూపించాము. పౌరుష గ్రంథిలో పుట్టిన కేన్సర్ అప్పటికే తుంటి ఎముకలకూ, వెన్నుపూసలకూ పాకి ఉన్నది. 4 లోపల ఉండవలసిన పి.ఎస్.ఎ. మూడువందలు దాటింది.

పౌరుష గ్రంథి అనేది పురుషులకు మాత్రమే ఉండే అవయవం. వైద్యులు దీనినే ప్రోస్టేట్ అంటారు. మూత్రాశయానికి దిగువన, మలాశయానికి ముందువైపున, మూత్రనాళపు మొదటి భాగాన్ని ఉంగరంవలె చుట్టుకొని ఉంటుంది. యౌవనంలో అక్రోటు కాయంత పరిమాణం, సుమారు 20 గ్రాముల బరువు. వీర్యంలోని ద్రవభాగంలో కొంత ఇక్కడనే తయారవుతుంది. నలుబది ఏళ్లు దాటిన తరువాత చాలామందిలో ఈ గ్రంథి నెమ్మదిగా పెరుగుతుంది. ఈ సాధారణ పెరుగుదల కేన్సర్ కాదు, కేన్సర్‌గా మారేదీ కాదు. అయితే ఒకే మనిషిలో రెండూ ఉండవచ్చును.

ఇక్కడ పాఠకులు తప్పక తెలుసుకోవలసిన విషయం ఒకటి ఉన్నది. సాధారణ పెరుగుదల గ్రంథి లోపలి భాగంలో, మూత్రనాళాన్ని ఆనుకొని మొదలవుతుంది. అందువల్ల నాళం త్వరగా నొక్కుకుపోయి, ధార సన్నబడి మనిషికి వెంటనే తెలిసిపోతుంది. కేన్సర్ విషయం వేరు. పదింట ఏడు కేన్సర్లు గ్రంథి వెలుపలి అంచున, వెనుకభాగంలో పుడతాయి. నాళానికి దూరంగా ఉండడం చేత చాలాకాలం మూత్రానికి ఏ అడ్డూ రాదు. అంటే మూత్రబాధ ఉన్నవారిలో ఎక్కువమందికి కేన్సర్ ఉండదు, తొలిదశ కేన్సర్ ఉన్నవారిలో చాలామందికి మూత్రబాధ ఉండదు. మొదటి సగం తెలిస్తే అనవసరపు భయం పోతుంది. రెండవ సగం తెలియకపోవడం వల్లనే చాలామంది ఆలస్యంగా వస్తున్నారు.

గ్రంథి చుట్టూ ఉన్న సిరల వలకూ, వెన్నెముక సిరలకూ సంబంధం ఉన్నది. అందుచేత ఈ కేన్సర్ పాకినపుడు ముందుగా చేరేది తుంటి, వెన్నుపూస, ప్రక్కటెముకలకే. మా మేనమామగారి నడుములో నేను తైలంతో మర్దించమన్నది దానినే.

మన శాస్త్రంలో దీని ప్రస్తావన ఉన్నదా అని చాలామంది అడుగుతూ ఉంటారు. సుశ్రుతుడు ఉత్తరతంత్రంలో మూత్రాఘాతాలు పన్నెండు విధాలని చెప్పాడు. వాటిలో వాతాష్ఠీల ఒకటి. మలమార్గానికీ మూత్రాశయానికీ నడుమ వాయువు చేరి, రాతిగుండువంటి గట్టి గ్రంథిని కలిగించి మలమూత్రాలను అడ్డగిస్తుందని దాని లక్షణం. శరీరంలో ఆ స్థానం సరిగ్గా పౌరుష గ్రంథి ఉండే చోటే. అంత ప్రాచీనకాలంలో ఇంత స్పష్టంగా గుర్తించడం గొప్ప విషయం. కొందరు ఇంకొక అడుగు ముందుకు వేసి, ప్రోస్టేట్ కేన్సర్‌ను సుశ్రుతుడే వర్ణించి మందు కూడ చెప్పాడంటారు. నేనంత దూరం పోను. ఆ శ్లోకాలలో అడ్డు ఉన్నది, గట్టిదనం ఉన్నది. ఎముకలకు పాకే గుణం లేదు. పెరుగుదలకూ కేన్సర్‌కూ తేడా చూపే ఉపాయమూ లేదు. ఆ తేడా చేతి నాడిలో దొరకదు.

ఆయుర్వేద వైద్యుడు రోగిని రక్తపరీక్షకు పంపితే చిన్నతనమని భావించేవారు మా వృత్తిలో ఇంకా ఉన్నారు. వారికి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని జ్ఞాపకం చేస్తూ ఉంటాను. ఆయన మద్రాసులో ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించి, ఆ తరువాతనే అమెరికా వెళ్లారు. ఆయన నాయకత్వంలో తయారైన మందులే 1940 దశకంలో రక్తకేన్సర్ చికిత్సకు దారి తీశాయి. మెథోట్రెక్సేట్ ఈనాటికీ వాడుకలో ఉన్నది.

ఇక లక్షణాలు. మూత్రం మొదలుకావడానికి కొంతసేపు నిలబడవలసి రావడం, ధార సన్నబడి మధ్యమధ్య ఆగడం, అయిపోయిందనుకున్న తరువాత బొట్లుబొట్లుగా పడడం, ఇంకా మిగిలి ఉన్నట్లనిపించడం, తొందర, రాత్రివేళ లేవడం - ఇవి పెరుగుదలలోనూ, కేన్సర్‌లోనూ ఒకేవిధంగా ఉంటాయి. వీటిని బట్టి ఇది ఫలానా అని ఎవరూ చెప్పలేరు. మధుమేహం ఉన్నా రాత్రివేళ లేవవలసి వస్తుంది గనుక చక్కెర పరీక్ష కూడ అవసరం. మూత్రంలోగాని, వీర్యంలోగాని రక్తం కనిపిస్తే అది ఒక్కసారే అయినా, నొప్పి లేకపోయినా వైద్యునికి చూపవలసినదే. పొగత్రాగేవారిలో మూత్రాశయపు కేన్సర్ కూడ నొప్పి లేని రక్తంతోనే బయటపడుతూ ఉంటుంది. వేడి చేసిందని సబ్జా గింజల నీళ్లు త్రాగి, రక్తం ఆగిపోతే సంతోషించి ఊరుకున్నవారిని నేను చాలామందిని చూశాను. ఆ రక్తం దానంతట అది ఆగడం రోగం పోయిందనడానికి గుర్తు కాదు.

నడుము నొప్పిని గురించి కొంచెం వివరంగా చెప్పవలసి ఉన్నది. బరువు ఎత్తినందువల్లనో, అరుగుదల వల్లనో వచ్చే నొప్పి పనిచేస్తే పెరిగి, విశ్రాంతితో తగ్గుతుంది. ఎముకలో కేన్సర్ చేరిన నొప్పి విశ్రాంతికి లొంగదు. రాత్రి పడుకున్నపుడు తొలుస్తున్నట్లుంటుంది, నిద్ర లేపుతుంది, వారం వారం పెరుగుతుంది. అరువది దాటిన పురుషునికి ఇటువంటి నొప్పి కొత్తగా వచ్చి మూడు నాలుగు వారాలలో తగ్గకపోతే తైలం సీసా ప్రక్కన పెట్టి పరీక్ష చేయించండి. దానితోపాటు బరువు తగ్గడం, ఆకలి లేకపోవడం, పాలిపోవడం, కాళ్లలో వాపు ఉంటే వారాలు కూడ ఆగరాదు. కాళ్లు బలహీనమై తూలడం, తొడలమధ్య తిమ్మిరి, మలమూత్రాల మీద అదుపు తప్పడం కనిపిస్తే వెన్నుపాము నొక్కుకుపోతున్నదని అర్థం. ఆనాడే పెద్ద ఆసుపత్రికి చేర్చాలి. ఆలస్యమైతే కాళ్లు శాశ్వతంగా పడిపోవచ్చును. మూత్రం పూర్తిగా బిగిసి పొత్తికడుపు ఉబ్బినపుడు కూడ అంతే. అటువంటపుడు ధారాళంగా నీళ్లు త్రాగించి కషాయాలు పోయడం మహాప్రమాదం.

ఇంటి ఇల్లాళ్లకు ఒక మనవి. ఈ రోగంలో మొదటి సాక్షి సాధారణంగా భార్యే. ఆయన రాత్రి ఎన్నిసార్లు లేచారో ఆయనకంటె ఆమెకే బాగా తెలుసు. పంచె మీద తడి మరకలు ఉతికేటపుడు ఆమె కంటనే పడతాయి. మగవారు ఈ విషయం వైద్యుని ముందు కూడ సగమే చెబుతారు. మా అత్తయ్యగారు చెప్పిన ఒక్క వాక్యం నా నాడీపరీక్షకంటె విలువైనదని ఇప్పుడు గ్రహించాను. వైద్యుని దగ్గరకు వెళ్లినపుడు మీరు బయట కూర్చోకండి, లోపలికి వెళ్లి చెప్పండి.

పరీక్షలు రెండింటితో మొదలవుతాయి. వైద్యుడు చేతికి తొడుగు వేసుకొని గుదద్వారం ద్వారా వ్రేలితో గ్రంథిని తాకి చూస్తాడు. కేన్సర్ వెనుకభాగంలోనే ఎక్కువగా పుడుతుంది గనుక గట్టి గడ్డ ఉంటే వ్రేలికి తగలవచ్చును. అర నిమిషం పని. సిగ్గుతో చాలామంది దీనికి ఒప్పుకోరు. రెండవది పి.ఎస్.ఎ. రక్తపరీక్ష. పౌరుష గ్రంథి మాత్రమే విరివిగా తయారుచేసే ఒక మాంసకృత్తును ఇది కొలుస్తుంది. మిల్లీలీటరు రక్తంలో 4 నానోగ్రాముల లోపు ఉండాలని వాడుకగా చెబుతారు. ఈ అంకెను దైవవాక్యంగా తీసుకోరాదు. సాధారణ పెరుగుదలలోనూ, మూత్రంలో చీము చేరినపుడూ కూడ ఇది పెరుగుతుంది. చీము తగ్గిన తరువాత నాలుగైదు వారాలు ఆగి పరీక్షించుకోవాలి. పరీక్షకు ముందు రెండు రోజులు సంభోగం, సైకిలు సవారీ మానాలి. మరొకవైపు, అంకె 4 లోపు ఉన్నంతమాత్రాన నిశ్చింత లేదు. 2004లో వెలువడిన అమెరికా అధ్యయనం ఒకదానిలో అటువంటివారికి ముక్కపరీక్ష చేయగా సుమారు 15 శాతం మందిలో కేన్సర్ కనబడింది, అందులో ఎక్కువ భాగం నెమ్మదైన రకమే అయినప్పటికీ. గ్రంథి పెరుగుదలకు ఫినాస్టెరైడ్, డ్యూటాస్టెరైడ్ మాత్రలు వాడుతున్నవారిలో ఈ అంకె సగానికి పడిపోతుంది. కనుక 3 వచ్చినా అది 6తో సమానం. ఈ మాత్రల సంగతి పరీక్ష వ్రాసే వైద్యునికి చెప్పకపోతే అందరూ కలిసి మోసపోతారు.

అనుమానం బలపడితే ఎమ్.ఆర్.ఐ. తీసి, సన్నని సూదితో ముక్కలు తీసి పరీక్షిస్తారు. సూది తగిలితే కేన్సర్ పాకుతుందనే భయం మన గ్రామాలలో బలంగా ఉన్నది. పౌరుష గ్రంథి విషయంలో ఆ భయంతో నిర్ధారణ మానుకోవడం తగదు. ముక్కపరీక్షలో కణాల తీవ్రతను గ్లీసన్ అంకెతో చెబుతారు. 6 అయితే నెమ్మదైనది, 8 నుండి 10 వరకు ఉద్ధృతమైనది. 2025 మేలో అమెరికా మాజీ అధ్యక్షుడు బైడెన్‌కు తేలినది 9, అప్పటికే ఎముకలకు పాకింది. ఆయన విషయంలోనూ మూత్రబాధ పెరగడంతోనే పరీక్షలు జరిగాయి.

ఏ లక్షణమూ లేనివారందరూ ఏటా ఈ రక్తపరీక్ష చేయించుకోవాలా అనే విషయంలో ప్రపంచ వైద్యులలో ఏకాభిప్రాయం లేదు. ఎన్నడూ హాని చేయని చిన్న కేన్సర్లు కూడ బయటపడి, అనవసరపు చికిత్సలకు దారితీయడమే అందుకు కారణం. నా సలహా ఇది: ఏబది దాటినవారు వైద్యునితో మాట్లాడి ఒకసారి చేయించుకోవడం మంచిది. తండ్రికిగాని సోదరునికిగాని ఈ కేన్సర్ వచ్చి ఉంటే ప్రమాదం సుమారు రెట్టింపు గనుక నలుబది అయిదుకే మొదలుపెట్టాలి. తల్లికో అక్కచెల్లెళ్లకో రొమ్ము కేన్సర్, అండాశయపు కేన్సర్ వచ్చిన కుటుంబాలలో కూడ ఈ జాగ్రత్త అవసరం. కొన్ని జన్యుదోషాలు రెండింటికీ ఉమ్మడి. పాశ్చాత్యదేశాలతో పోల్చితే మన దేశంలో ఈ రోగం తక్కువే. కాని ఆయుర్దాయం పెరిగేకొద్దీ ఇదీ పెరుగుతుంది. 2020లో ప్రపంచమంతటా 14 లక్షలుగా ఉన్న కొత్త కేసులు 2040 నాటికి ఏడాదికి 29 లక్షలకు చేరగలవని 2024లో లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల సంఘం అంచనా వేసింది.

చికిత్స పేరు వినగానే ఇంటిల్లిపాదీ బెంబేలెత్తవలసిన పని లేదు. గ్రంథి దాటని కేన్సర్‌కు శస్త్రచికిత్స, రేడియేషన్ రెండూ ఉన్నవి. నెమ్మదైన రకమైతే ఏ చికిత్సా చేయక, క్రమంగా పరీక్షలతో కనిపెట్టి ఉండడం కూడ శాస్త్రసమ్మతమే. బ్రిటన్‌లో 1,643 మందిని పదిహేనేళ్లు గమనించి 2023లో ప్రకటించిన ఫలితాలలో, ఈ మూడు పద్ధతులలో దేనిని అనుసరించినా ఈ కేన్సర్ వల్ల మరణించినవారు నూటికి ముగ్గురే. ముందుగా కనిపెట్టడంలోని లాభం ఎంతటిదో దీనిని బట్టి తెలుస్తుంది.

మా మేనమామగారికి ఆ దశ దాటిపోయింది. వెన్నుకు రేడియేషన్ పెట్టి, వృషణాలు తొలగించాలన్నారు. పురుష హార్మోను ఈ కేన్సర్‌కు ఆహారంవంటిదని 1941లో షికాగోలో చార్లెస్ హగిన్స్ నిరూపించాడు. అందుకు ఆయనకు 1966లో నోబెల్ బహుమానం వచ్చింది. ఆ హార్మోనును ఇప్పుడు ఇంజెక్షన్లతో కూడ అణచవచ్చును. కాని వాటిని నెలల తరబడి తీసుకుంటూనే ఉండాలి. శస్త్రచికిత్స చిన్నది, ఖర్చు తక్కువ, ఫలితం త్వరగా వస్తుంది. ఈ మాట విని కొడుకులిద్దరూ తలలు వంచుకొన్నారు. పెద్దవాడు ఏకంగా "వద్దండి, మందులతోనే చూడండి" అన్నాడు. మేనమామగారు ఒక రాత్రంతా ఏమీ మాట్లాడలేదు. తెల్లవారి నన్ను పిలిచి, "నొప్పి తగ్గుతుందా?" అని మాత్రం అడిగారు. తగ్గుతుందన్నాను. "అయితే వాళ్లనడగడమెందుకురా" అన్నారు. శస్త్రచికిత్స జరిగిన వారం లోపలే రాత్రంతా నిద్రపోయారు. ఒంటికి ఆవిర్లు రావడం, నీరసం, ఎముకలు పలచబడడం ఈ చికిత్సతో వచ్చే కష్టాలు. అవన్నీ ఆయన పడ్డారు. అయినా మరుసటి ఏడు మనవరాలి పెళ్లికి పంటు మీదనే గోదావరి దాటి వచ్చారు. 2019 కార్తిక మాసంలో కాలం చేశారు.

ఖర్చును తలచుకొని వెనుకాడేవారికి ఒక మాట. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో ఉన్న రాష్ట్ర పథకంలో కేన్సర్ చికిత్సలు చేరి ఉన్నవి. విశాఖపట్నంలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి ఉన్నది.

ఈ పత్రిక పాఠకులు గృహవైద్యం మాటేమిటని అడగకుండా ఉండరు. పరీక్షలు చేసి కేన్సర్ కాదని తేలిన సాధారణ పెరుగుదలలో పల్లేరు కషాయం నేను ఇస్తూనే ఉన్నాను. పల్లేరు కాయల ముతక పొడి 10 గ్రాములు, నీరు 160 మిల్లీలీటర్లు కలిపి, సన్ననిమంట మీద నాలుగవవంతు మిగిలేవరకు కాచి వడపోసి ఉదయం త్రాగాలి. ఉలిమిరి పట్ట కషాయం కూడ ఇదే కొలతలతో చేస్తారు. మలబద్ధకం లేకుండ చూసుకోవాలి. నిండిన మలాశయం గ్రంథిని నొక్కుతుంది. సాయంత్రం ఆరు దాటాక కాఫీ, టీ మాని నీరు తగ్గించాలి. జలుబుకు అంగళ్లలో కొనే మాత్రలు చాలా జాగ్రత్తగా వాడాలి. వాటిలోని కొన్ని మందులు ఈ బాధ ఉన్నవారికి ఒక్క రాత్రిలో మూత్రాన్ని బిగించివేస్తాయి. గుమ్మడి గింజలు, టమాటా ఆహారంగా మంచివే, వాటికి అంతకంటె పెద్ద పేరు పెట్టనవసరం లేదు. విటమిన్ ఇ గొట్టాలు రోజూ మింగితే కేన్సర్ రాదనే నమ్మకం మధ్యతరగతి ఇళ్లలో ఒకటి ఉన్నది. ముప్పైయైదు వేలమందికి పైగా పురుషులపై జరిపిన పరిశీలనలో, 400 యూనిట్ల మోతాదులో అది ఈ కేన్సర్‌ను 17 శాతం పెంచిందని 2011లో తేలింది.

కేన్సర్ నిర్ధారణ అయినవారికి కషాయాలతో దానిని కరిగిస్తామని నేను చెప్పను, చెప్పేవారి దగ్గరకు పంపను. ఆకలికీ, నిద్రకూ, మలబద్ధకానికీ తోడ్పడే మందులు మాత్రం, చికిత్స చేసే వైద్యునికి తెలిపి ఇస్తాను. వాజీకరణ లేహ్యాలు అసలే ఇవ్వను. అడ్డు వల్ల మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి భస్మాలు కూడదు.

మా మేనమామగారి పెద్దకొడుకు నలుబది ఆరవ ఏట పరీక్ష చేయించుకున్నాడు, అంకె సరిగానే ఉన్నది, రెండేళ్లకొకసారి మళ్లీ చేయించుకుంటున్నాడు. చిన్నవాడికి ఇప్పుడు నలుబది తొమ్మిది. పంట నూర్పులు కానీ బావా అని ఒకసారి, పిల్లవాడి పరీక్షలు కానీ అని ఒకసారి, నాలుగేళ్లుగా వాయిదా వేస్తున్నాడు. ఈ సంచిక రాగానే ఒక ప్రతి వాడి భార్య పేరున పంపుతున్నాను.